బావగారు కుదిర్చిన కారు కొనవచ్చునా?

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు రాసిన సుదీర్ఘమైన ఉత్తరం ఇది. పేరు బయటపెట్టవద్దని కోరారు గనుక విషయాన్ని మాత్రం క్లుప్తంగా చెబుతున్నాను.

ఆమె ఒక ప్రైవేటు కళాశాలలో అధ్యాపకురాలు. భర్త శ్రీసిటీలోని ఒక కర్మాగారంలో షిఫ్టుల మీద పనిచేస్తారు. అత్తగారికి మూత్రపిండాల జబ్బు ఉండడంతో నెలకు రెండుసార్లు వేలూరు తీసుకువెళ్లి చూపించాలి. ప్రతిసారీ బాడుగ కారు మాట్లాడుకోవడం, డ్రైవరు కోసం ఎదురుచూడడం కష్టంగా ఉండడంతో, చీటీ డబ్బుకు దాచుకున్న సొమ్ము కలిపి నాలుగున్నర లక్షల లోపు ఒక పాత కారు కొనాలని నిర్ణయించుకున్నారు. ఆ మాట తెలియగానే ఆమె ఆడబిడ్డ భర్త, తనకు తెలిసిన వ్యక్తి దగ్గర మంచి బండి ఉందని చెప్పి, తానే వెంటబెట్టుకు వెళ్లి చూపించారు. 2017 నాటి డీజిల్ సెడాన్, తమిళనాడు రిజిస్ట్రేషన్, మీటరు మీద 62,000 కిలోమీటర్లు, ధర 4,40,000 రూపాయలు. అటువంటివే బయట ఐదు లక్షలకు అటూఇటూగా చెబుతున్నారట.

బండిని చూపించింది సాయంత్రం ఆరున్నర దాటాక, రేణిగుంట రోడ్డు పక్కన. వీరు వెళ్లేసరికే ఇంజను నడుస్తోంది. సీట్లకు కొత్త కవర్లు, కాళ్ల కింద కొత్త మ్యాట్లు, నాలుగు చక్రాలకూ కొత్త టైర్లు. ఏసీ వేయగానే తడిసిన గోనెసంచి వాసన వచ్చిందని ఆమె రాశారు. కుడివైపు హెడ్‌లైటు తళతళలాడుతుంటే ఎడమది పసుపు తిరిగి ఉంది. ఆర్.సి. అమ్మే ఆయన పేరు మీద లేదు. దుబాయిలో ఉన్న తన బావమరిది పేరు మీద ఉందని, ఆయన సంతకాలు చేసిన ఫారాలు తన దగ్గరే ఉన్నాయని ఆయన చెప్పారు. ఆర్.సి.లో అప్పిచ్చిన బ్యాంకు పేరు ఇంకా కనిపిస్తోంది కానీ, అప్పు ఎప్పుడో తీరిపోయిందన్నారు. 'సింగిల్ ఓనరు, ఒక్క గీత పడలేదు, ఇన్సూరెన్సు ఏనాడూ ఆగలేదు' అని హామీ ఇచ్చారు. మా మెకానిక్‌కు ఒకసారి చూపిస్తామని ఆమె అంటే, 'మీ అన్నయ్యగారి మాట మీద నమ్మకం లేదా అమ్మా' అని నవ్వేశారు. మదనపల్లె పార్టీ ఒకరు సిద్ధంగా ఉన్నారని, శుక్రవారంలోగా లక్ష రూపాయలు అడ్వాన్సు ఇస్తేనే బండి ఆపుతానని చెప్పారు. ఆమె భర్త అక్కడికక్కడే ఫోనులో పదివేలు టోకెన్ పంపేశారు.

'మావారు తన బావ మాట కాదనలేరు. నేను ప్రశ్నలు వేస్తే ఇంటి అల్లుణ్ని అనుమానించినట్టు అవుతుందని అత్తగారు బాధపడుతున్నారు. ఈ బండి కొనవచ్చునా, కూడదా? కూడదంటే ఆ మాట ఎవరి నొప్పీ లేకుండా ఎలా చెప్పాలి?' అన్నది ఆమె ప్రశ్న. ఆర్.సి., ఇన్సూరెన్సు పాలసీల ఫొటోలు కూడా జతచేశారు.

అమ్మా,

మీ ఉత్తరంలో బండి చిక్కు, బంధుత్వపు చిక్కు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి. బండి సంగతి తేలితే బంధుత్వం సంగతి సగం తేలిపోతుంది కనుక బండితోనే మొదలుపెడతాను.

ఎనిమిదేళ్లు తిరిగిన కారులో లోపాలు ఉండడం వింతేమీ కాదు. ఎక్కడో గీత పడి ఉంటుంది, ఒక బంపరు మారి ఉంటుంది, క్లచ్చు కొంత అరిగి ఉంటుంది. వాటికి ధర తగ్గించుకుని కొనుక్కోవచ్చు. మీరు కనిపెట్టవలసింది వేరొకటి ఉంది. అమ్మే మనిషి చెప్పిన మాట, చేతికిచ్చిన కాగితం, ఎదురుగా నిలబడి ఉన్న బండి, ఈ మూడింటికీ పొంతన కుదురుతోందా అన్నది చూడాలి. మీరు రాసిన వివరాల్లో ఆ పొంతన ఒకచోట కాదు, చాలాచోట్ల తప్పుతోంది.

మీరు పంపిన పాలసీ ఫొటోలో, బహుశా మీరు గమనించని ఒక అంకె ఉంది. పాలసీ 2025 మార్చిలో మొదలైంది. అందులో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 20 శాతం అని ఉంది. ఒక ఏడాది క్లెయిము చేయకుండా గడిస్తే ఆ బోనసు 20 శాతం, రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లకు 50 శాతం అవుతుంది. అక్కడితో ఆగుతుంది. మధ్యలో ఒక్క క్లెయిము పడితే మళ్లీ సున్నా నుంచి మొదలుకావాలి. 2017లో కొన్న బండికి ఏనాడూ గీత పడకుండా, ఇన్సూరెన్సు ఆగకుండా, ఒకే యజమాని చేతిలో ఉండి ఉంటే ఈపాటికి ఆ అంకె 50 కావాలి. అది 20 దగ్గర ఉందంటే మామూలుగా మూడు కారణాల్లో ఏదో ఒకటి అయి ఉంటుంది: 2024 మార్చికి ముందు ఏడాదిలో క్లెయిము చేశారు, లేదా గడువు తీరాక 90 రోజులు దాటేదాకా పాలసీని రెన్యూ చేయలేదు, లేదా మధ్యలో యజమాని మారారు. బోనసు బండిది కాదు, మనిషిది కనుక యజమాని మారితే అది కొత్తవారికి రాదు. ఈ మూడింటిలో ఏది నిజమైనా, మీకిచ్చిన మూడు హామీల్లో ఒకటి అబద్ధమవుతుంది. అమ్మే ఆయనను కోపంగా కాకుండా మామూలుగా ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడండి. 'బోనసు ఇరవైయే ఎందుకుంది?' అని అడిగినప్పుడు, నిజాయితీపరుడు ఏదో ఒక సంఘటన చెబుతాడు. 'అవన్నీ ఏజెంటు చూసుకుంటాడు' అన్న జవాబు వస్తే దాన్ని జవాబుగా లెక్కపెట్టకండి.

ఇప్పుడు ఆ తడి వాసన గురించి. తమిళనాడు బండి అనగానే చెన్నై వరదలో మునిగిన బండి అనుకోవడం అన్యాయం. ఏసీ నీరు బయటికి పోయే గొట్టం పూడుకుపోయినా, తలుపు రబ్బరు పాడై వాన నీరు లోపలికి దిగినా అదే వాసన వస్తుంది. వాటిని బాగుచేయించడానికి పెద్ద ఖర్చు కాదు. కానీ కాగితంలోని అంకెను, ముక్కుకు తగిలిన వాసనను పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేకపోతున్నాను. ఇది 2017 బండి గనుక చెన్నైని ముంచిన 2015 డిసెంబరు వరదతో దీనికి సంబంధం లేదు. 2023 డిసెంబరు మొదటివారంలో మిచౌంగ్ తుపాను వానలకు చెన్నైలో వేలచ్చేరి, పళ్లికరణై వంటి చోట్ల కార్లు నీట మునిగాయి. 2025 మార్చి పాలసీలో 20 శాతం బోనసు ఉండడానికి కారణం క్లెయిమే అయితే, ఆ క్లెయిము 2023 మార్చి నుంచి 2024 మార్చి దాకా ఉన్న పాలసీ ఏడాదిలో పడి ఉండవచ్చు. ఇది రుజువు కాదు, అనుమానం మాత్రమే. అయితే ఈ అనుమానాన్ని పగటి వెలుతురులో ఒక గంటలో తేల్చుకోవచ్చు.

సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. రోజూ వాడే భాగం శుభ్రంగా ఉన్నా, ఎప్పుడూ లోపలే చుట్టుకుని ఉండే భాగంలో బురద మరక ఒక గీతలా కనిపిస్తుంది. సీటును ముందుకు జరిపి దాన్ని నేలకు బిగించిన బోల్టులను, పట్టాలను చూడండి. ఎనిమిదేళ్ల బండిలో అక్కడ దుమ్ము ఉంటుంది కానీ ఎర్రటి తుప్పు ఉండకూడదు. కొత్త మ్యాటును తీసి, దాని కింద ఉన్న అసలు కార్పెట్‌ను ఒక మూల లేపి చేయి పెట్టండి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటను చూడండి. కడిగేవారు సాధారణంగా మరచిపోయే చోటు అది. డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజు పెట్టెను, వైర్ల కొలుకులను మెకానిక్ చేత తెరిపించి, రాగి మీద పచ్చటి చిలుము పట్టిందేమో చూపించమనండి. హెడ్‌లైటు లోపలివైపు నీటి గీత నిలిచిందేమో కూడా చూడాలి. ఒక హెడ్‌లైటు మాత్రమే కొత్తగా ఉండడానికి చిన్న తగులు చాలు గనుక దానిని నేను పెద్దగా పట్టించుకోను. అయినా బానెట్ తెరిచి ఆ పక్కనున్న ఇనుప పట్టీల మీద వెల్డింగు మచ్చలు కంపెనీ నుంచి వచ్చినట్టు వరసగా ఉన్నాయా, లప్పం పెట్టి రంగు వేశారా అన్నది టింకరింగ్ పనివారు ఒక్క చూపులో చెప్పేస్తారు.

మునిగిన బండిని నేను ఇంతగా పట్టి చూడమనడానికి కారణం ఉంది. ఇంజనులోకి నీరు వెళ్లి పాడైతే అది వెంటనే తెలుస్తుంది, దానిని బాగుచేసే అమ్ముతారు. వైర్లలోకి, కంప్యూటరు పెట్టెలోకి చేరిన తేమ మాత్రం నెమ్మదిగా పనిచేస్తుంది. కొన్న కొన్ని నెలలకు ఒకరోజు కిటికీ అద్దం దిగదు, మరొకరోజు ఏసీ పనిచేయదు, ఇంకొకరోజు బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది. మీరు వెళ్లేది వేలూరు, రానూపోనూ రెండు వందల కిలోమీటర్ల పైమాట, వెనక సీట్లో నీరసంగా ఉన్న పెద్దావిడ. మీకు కావలసింది తక్కువ ధర బండి కన్నా ముందు, దారిలో ఆగని బండి. ఎయిర్‌బ్యాగు సంగతి కూడా చూసుకోవాలి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు గుర్తు వెలిగి, కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. ఆరకుండా ఉంటే లోపం ఉన్నట్టు. అసలు వెలగనే వెలగకపోతే ఆ లోపాన్ని ఎవరో దాచి ఉండవచ్చు.

మీటరు గురించి క్లుప్తంగా చెబుతాను. ఎనిమిదేళ్లలో 62,000 అంటే రోజుకు 21 కిలోమీటర్లు. అసాధ్యమేమీ కాదు. కానీ పెట్రోలు బండి కన్నా ఎక్కువ ధర పెట్టి డీజిల్ బండి కొనేవారు మామూలుగా ఎక్కువ తిరిగేవారే. మీటరు తిప్పడం ఈ వ్యాపారంలో కొత్త విద్య కాదు, కష్టమైన విద్య అంతకన్నా కాదు. కంపెనీ సర్వీసు సెంటరులో బండి నంబరు చెబితే ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లకు సర్వీసుకు వచ్చిందో వారి దగ్గర నమోదై ఉంటుంది. యజమాని ఒప్పుకుంటే ఆ చరిత్ర తీసి ఇస్తారు. ఆ ఒప్పుకోలు అడగండి. టైర్ల పక్కగోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 1417 అంటే 2017లో పద్నాలుగో వారంలో తయారైనదని అర్థం. నాలుగు చక్రాలకూ కొత్త టైర్లు వేశారు గనుక అవి మీకేమీ చెప్పవు. స్టెప్నీ మీది అంకెలు చూడండి. క్లచ్చు, బ్రేకు పెడళ్ల రబ్బరు అరిగి నున్నబడిందేమో, స్టీరింగు మీద చేయి పట్టే చోట తోలు మెరుస్తోందేమో, కొత్త కవరు కింద డ్రైవరు సీటు ఒక పక్కకు కుంగిందేమో చూడండి. అరవై వేల బండికి ఇవన్నీ ఉండవు. తిరుమలకు యాత్రికులను తిప్పిన ట్యాక్సీలను తరువాత సొంత బండిగా మార్పించి అమ్మడం మన దగ్గర మామూలే. అది నేరమూ కాదు, చెప్పి అమ్మితే తప్పూ కాదు. ఆర్.సి.లో వాహన తరగతి మారిన దాఖలా ఉందేమో, నంబరు ప్లేటు వెనుక పాత పసుపు రంగు జాడ ఉందేమో ఒకసారి చూసుకోండి.

మీరు వెళ్లేసరికే ఇంజను నడుస్తోందని రాశారు. డీజిల్ బండి అసలు గుణం పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు మొదటిసారి స్టార్టు చేసినప్పుడే బయటపడుతుంది. ఉదయం వస్తామని, తామొచ్చేదాకా స్టార్టు చేయవద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టి చూడండి. పొగ నీలంగా ఉంటే నూనె కాలుతున్నట్టు. తెల్లటి పొగ ఆగకుండా వస్తుంటే డీజిల్ సరిగా మండకపోవడమో, కూలెంటు లోపలికి చేరడమో అయి ఉంటుంది. నల్లగా, గట్టిగా వస్తే ఇంధనం సరిగా కాలడం లేదన్నమాట. తరువాత బండిని ఊళ్లో రెండు వీధులు తిప్పి సరిపెట్టుకోకండి. చంద్రగిరి దాటి భాకరాపేట ఘాట్ దాకా తీసుకువెళ్లండి. ఏసీ వేసి, నలుగురు కూర్చుని ఆ మలుపులు ఎక్కితే క్లచ్చు జారుతోందా, ఇంజను వేడెక్కుతోందా, దిగేటప్పుడు బ్రేకు తొక్కితే బండి ఒక పక్కకు లాగుతోందా అన్నది దాచినా దాగదు.

ఇక కాగితాలు. నా దృష్టిలో ఈ బేరంలో అన్నిటికన్నా బరువైన లోపం వాసన కాదు, పేరు. ఆర్.సి. మీద ఉన్న మనిషి మీకు కనిపించలేదు. మీతో మాట్లాడుతున్న మనిషి పేరు కాగితం మీద లేదు. సంతకాలు చేసి, కొన్నవారి పేరు ఖాళీగా వదిలిన 29, 30 నంబరు పేరు మార్పు ఫారాలు చేతులు మారుతూ తిరగడం పాత బండ్ల వ్యాపారంలో అలవాటు. అలా తిరిగిన బండి కాగితం మీద 'సింగిల్ ఓనరు' గానే ఉంటుంది, నిజంగా నలుగురి చేతులు మారి ఉంటుంది. ఇక్కడ ఒక్క విషయం ఆలోచించండి. 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో, ఆర్.సి.లో ఎవరి పేరు ఉంటే ప్రమాద పరిహారానికి వారే బాధ్యులని చెప్పింది, బండి ఎన్ని చేతులు మారినా సరే. కనుక నిజమైన యజమానికి తన పేరు ఎంత త్వరగా తొలగితే అంత మేలు. పేరు మార్పు గురించి తొందరలేని అమ్మకందారు చాలాసార్లు యజమాని కాడు, బండి తిప్పుకునే వ్యాపారి. పాత బండ్ల వ్యాపారం చేసేవారు రవాణా శాఖ దగ్గర డీలరుగా అనుమతి తీసుకోవాలని 2023 ఏప్రిల్ నుంచి నిబంధన కూడా ఉంది. ఈయన వ్యాపారి అయితే ఆ మాట చెప్పి అమ్మవచ్చు కదా, ఇంటి మనిషిగా నటించడం దేనికి?

ఇది తమిళనాడు బండి కావడంతో ఆ ఖాళీ ఫారాలతో పని గడవదు. మీ పేరుకు, తిరుపతి చిరునామాకు మార్చాలంటే బండి రిజిస్టరైన అక్కడి ఆర్.టి.ఒ. నుంచి అభ్యంతరం లేదన్న పత్రం రావాలి. అది 28వ ఫారం. దానికి దరఖాస్తు చేయవలసింది ఆర్.సి.లో ఉన్న యజమాని, అంటే దుబాయిలో ఉన్నారంటున్న ఆయన. ఆన్‌లైన్ దరఖాస్తుల్లో ఆయన ఫోనుకే ఓటీపీ వెళుతుంది. ఆయన సహకరించకపోతే మీరు డబ్బు కట్టి, బండి ఇంట్లో పెట్టుకుని, పేరు మాత్రం వేరొకరిది మోస్తూ తిరగవలసి వస్తుంది. వేరే రాష్ట్రపు బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే చట్టప్రకారం మళ్లీ ఇక్కడ రిజిస్టరు చేయించాలి, ఆంధ్రప్రదేశ్‌కు లైఫ్ ట్యాక్సు కట్టాలి. అది బండి కొన్న నాటి ధరను, వయసును బట్టి ఉంటుంది. ఆర్.టి.ఒ. కార్యాలయంలో ఆ లెక్క ముందే కట్టించుకోండి. బయటి ధర కన్నా మీకు మిగులుతున్న అరవై వేలు ఆ పన్నులో ఎంత కరిగిపోతాయో తెలుసుకున్నాక, ఈ బేరం నిజంగా చౌకేనా అని మీవారే అడుగుతారు.

అప్పు తీరిందన్న మాటకు బ్యాంకు ఇచ్చిన పత్రం, బ్యాంకు సంతకంతో 35వ ఫారం చూపించాలి. అవి లేకుండా తీరిందని ఎవరు చెప్పినా తీరనట్టే అనుకోవాలి. తీరని పక్షంలో బ్యాంకువారు బండిని మీ ఇంటి ముందు నుంచి కూడా తీసుకువెళ్లగలరు. పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి ఇన్సూరెన్సు గడువు, అప్పు వివరం చూడండి. ఆర్.సి. కార్డు కొత్త రకమైతే ఓనర్ సీరియల్ అన్న చోట ఎన్నో యజమానో అంకె ఉంటుంది. కట్టని ఈ-చలానాలు కూడా ఆన్‌లైన్‌లోనే కనిపిస్తాయి. ఛాసిస్, ఇంజను నంబర్లు ఆర్.సి.తో అక్షరం అక్షరం సరిపోవాలి. అక్కడ గీకిన జాడ గాని, మళ్లీ కొట్టిన జాడ గాని ఉంటే ఇక మిగతావి చూడకుండా వెనక్కి వచ్చేయండి.

చట్టం మీకు ఎంతవరకు అండ నిలుస్తుందో కూడా చెప్పాలి. వ్యాపారి కాని మనిషి దగ్గర కొన్నదానికి వినియోగదారుల కమిషనులో సాధారణంగా దారి ఉండదు. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం కొనేవారే చూసుకోవాలన్న సూత్రం మీద నడుస్తుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, లోపం తెలిసీ ఊరికే మౌనంగా ఉండడం మామూలుగా మోసం కిందికి రాదు. అడిగినప్పుడు తెలిసీ అబద్ధం చెబితే అది మోసం. అందువల్ల మీరు అడగడమే మీకు రక్ష. 'బండి ఎప్పుడైనా నీళ్లలో మునిగిందా, ప్రమాదం జరిగిందా, మీటరు మార్చారా, ఎంతమంది యజమానులు' అని వాట్సాప్‌లో రాసి, రాతలోనే జవాబు తెప్పించుకోండి. ఫోనులో చెప్పిన మాటను కూడా 'మీరు ఇలా చెప్పారు కదా' అని రాసి పంపండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. ఈ బేరాన్ని ఇక్కడితో వదిలేయడం ఒకటి. పదివేలు పోయినా పోవచ్చు. టోకెన్ మీద ఏ రాతా లేదు గనుక అది తిరిగివస్తుందా అన్నది అమ్మే ఆయన మంచితనం మీద, మీ అన్నయ్యగారి పలుకుబడి మీద ఆధారపడుతుంది. మరో దారి, షరతులు పెట్టి బేరం కొనసాగించడం. పగటిపూట చల్లటి ఇంజనుతో పరీక్ష, మీ మెకానిక్, యజమానితో వీడియో కాలులో మాట, బ్యాంకు పత్రం, తమిళనాడు ఆర్.టి.ఒ. పత్రం. ఇవన్నీ వచ్చేదాకా ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు. పరీక్షలో బండి మునగలేదని, కిలోమీటర్లు నిజమేనని తేలితే మీకు మంచి బండే దక్కవచ్చు. ఆ అవకాశం లేదని నేననను. మునిగిందని తేలినా ధర బాగా తగ్గించుకుని కొనుక్కునేవారు ఉంటారు, తామే మెకానిక్కులైనవారు, ఊళ్లో తిప్పుకునేవారు. మీ అవసరానికి మాత్రం ఆ దారి వద్దనే అంటాను. అదే డబ్బుతో కొంచెం చిన్నదైనా, ఏపీ 39 గాని, పాత ఏపీ 03 గాని నంబరున్న స్థానిక పెట్రోలు బండి వెతుక్కోవచ్చు. పన్ను బాధ ఉండదు, యజమాని ఎదురుగా కూర్చుని సంతకం పెడతాడు. అయితే ఒకటి రెండు నెలలు ఆలస్యమవుతుంది. ఆ రెండు నెలలూ వేలూరుకు బాడుగ కారులోనే వెళ్లవలసి వస్తుంది. నెలకు రెండు ప్రయాణాలే గనుక, కారు పెట్టుకున్నాక అయ్యే ఇన్సూరెన్సు, సర్వీసు, డీజిల్ ఖర్చులతో ఆ బాడుగను ఒకసారి కాగితం మీద పోల్చి చూసుకోవడం కూడా మంచిదే.

బంధుత్వం సంగతి. మీ ఆడబిడ్డ భర్త మిమ్మల్ని మోసం చేస్తున్నారని నేను అనుకోవడం లేదు, మీరూ అనుకోకండి. తెలిసినవారి మాట నమ్మి, అత్తింటికి ఒక సాయం చేద్దామనుకుని ఉంటారు. ఇటువంటి బేరాల్లో మధ్య నిలిచినవారికి కమీషన్ ముట్టడం ఉంటుంది. ఆయనకు అటువంటిది ఉందో లేదో మీరు తవ్వవలసిన పనిలేదు. ఆయనను పక్కకు నెట్టి బండిని పరీక్షిస్తే అది అనుమానం అవుతుంది. ఆయననే ముందు నిలబెట్టి పరీక్షిస్తే అది గౌరవం అవుతుంది. మీవారి చేత ఇలా చెప్పించండి: 'బావా, అమ్మను అంత దూరం తీసుకువెళ్లే బండి. నాకు షిఫ్టులు, తీరిక లేదు. నువ్వే దగ్గరుండి మెకానిక్‌కు చూపించి, కాగితాలన్నీ చూసి సరేనంటే అప్పుడు తీసుకుందాం.' మెకానిక్ మాత్రం మీరు ఎంచుకున్నవారే కావాలి. ఆయన ఫీజు మీరే ఇవ్వండి. పరీక్షలో ఏదైనా బయటపడితే ఆ మాట మీ నోటి నుంచి కాక మెకానిక్ నోటి నుంచి, మీ అన్నయ్యగారి ఎదుటే వస్తుంది. అప్పుడు బేరం వద్దనే మాట ఆయనే అనే వీలుంటుంది, పదివేలు వెనక్కి అడగడానికీ ఆయనకే నోరు వస్తుంది. ఇంత మర్యాదగా అడిగినా మెకానిక్ పేరెత్తగానే ఆయన నొచ్చుకుంటే, ఆ నొప్పి ఈ ఒక్క బండితో పోయేది కాదు గనుక దానికోసం నాలుగు లక్షలు పెట్టడం దండగ. అత్తగారితో మీరే నేరుగా మాట్లాడండి. ఆవిడ బాధ అల్లుడి పరువు గురించి. ఆ పరువు రేపు బండి దారిలో ఆగిపోతే ఎక్కువ పోతుందని ఆవిడకు చెప్పడం కష్టం కాదు.

శుక్రవారం గడువును లెక్కచేయకండి. మదనపల్లె పార్టీ నిజంగా ఉంటే వారిని కొననివ్వండి. ఈరోజే అమ్మే ఆయనకు ఈ మాట రాసి పంపండి: 'మేము పంపిన 10,000 రూపాయలు టోకెన్ మాత్రమే. మా మెకానిక్ పగటిపూట చూసి, యజమానితో మాట్లాడి, బ్యాంకు పత్రాలు సరిచూసుకున్నాకే కొంటాము. కుదరకపోతే ఆ డబ్బు తిరిగి ఇవ్వాలి. మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి.' వచ్చే జవాబును, రాకపోతే ఆ రాకపోవడాన్ని మీవారికి చూపించండి.

ఒకవేళ అన్నీ కుదిరి ఇదే బండి కొన్నా, మరొకటి కొన్నా, డబ్బు ఆర్.సి.లో పేరున్న మనిషి బ్యాంకు ఖాతాకే పంపండి, మధ్యవారి ఫోను నంబరుకు కాదు. ఇన్సూరెన్సు కంపెనీకి 14 రోజుల్లో దరఖాస్తు పెట్టి పాలసీని మీ పేరుకు మార్పించుకోండి. ఎదుటివారికి జరిగే నష్టానికి రక్షణ పేరు మారకపోయినా కొనసాగుతుంది కానీ, మీ బండికి జరిగే నష్టానికి పాత యజమాని పేరు మీదున్న పాలసీ అక్కరకు రాదు. మీ పేరున 20 శాతం బోనసు రాదు గనుక ప్రీమియం తేడా కట్టమంటారు, దానికి సిద్ధంగా ఉండండి. అమ్మకం రసీదులో బండి నంబరు, ఛాసిస్ నంబరు, మీటరు అంకె, తేదీతో పాటు తాళాలు మీ చేతికి వచ్చిన సమయం కూడా గంటలు, నిమిషాలతో రాయించి, రెండు తాళాలూ తీసుకుని ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి. ఆ నిమిషానికి ముందు పడిన చలానాలు, జరిగిన సంగతులు మీవి కావని తరువాత ఎవరికైనా చూపించవలసి వస్తే ఆ రసీదే పనికివస్తుంది.